మేసన్ టెంప్లేట్లన్నింటికీ ఒకే మాడ్యూల్ ఫంక్షన్లు అందేదెలా?

కోడుగూడు:
మాడ్‌పెర్ల్ (అపాచీ సర్వర్ లోపలే పెర్ల్ నడిపేది) మీద నడిచే పాత మేసన్ (పెర్ల్ టెంప్లేట్ సిస్టమ్) సైటు ఒకటి నా నెత్తిన పడింది. తేదీ చూపించేవి, అంకెల మధ్య కామాలు పెట్టేవి, ఇలాంటి చిన్న ఫంక్షన్లను ఒక మాడ్యూల్‌లో చేర్చి ఎక్స్‌పోర్టర్‌తో (ఫంక్షన్ పేర్లను వేరే కోడ్‌కు అందించే పెర్ల్ మాడ్యూల్) బయటికిచ్చాను. స్టార్టప్ ఫైల్లో యూజ్ చేశాను. టెంప్లేట్‌లో పిలిస్తే మాత్రం 'అన్‌డిఫైన్డ్ సబ్‌రొటీన్' అంటోంది! ముందు మాడ్యూల్ పేరు తగిలించి పిలిస్తే బుద్ధిగా పనిచేస్తోంది. ప్రతి టెంప్లేట్‌లో యూజ్ రాస్తే మెమరీలో అన్ని కాపీలు కూర్చుంటాయా? ఒక్కచోట చెప్పి ఊరుకునే దారి ఉందా?

పాతపెర్ల్:
యూజ్ రెండు పనులు చేస్తుందండీ. ఒకటి, ఫైల్ లోడ్ చేయడం. లోడైన ఫైళ్ల పేర్లుండే ఇంక్ హ్యాష్‌లో పేరు కనిపిస్తే రెండోసారి దాని జోలికి పోదు. రెండు, ఇంపోర్ట్, అంటే ఫంక్షన్ పేర్లను పిలిచిన ప్యాకేజ్‌లోకి (పేర్లు విడివిడిగా ఉండే అర) తేవడం. ఇది యూజ్ అన్న ప్రతి ప్యాకేజ్‌కీ విడిగా జరగాలి. మీ స్టార్టప్ ఫైల్ పేర్లను తన ప్యాకేజ్‌లోకి తెచ్చుకుంది. టెంప్లేట్లు కంపైల్ అయ్యేదేమో హెచ్‌టీఎంఎల్::మేసన్::కమాండ్స్‌లో. అక్కడికి ఎవరూ ఏమీ పంపలేదు కదా!

స్టార్టప్ ఫైల్లోనే కర్లీ బ్రాకెట్లు తెరిచి, లోపల ఆ కమాండ్స్ ప్యాకేజ్ పేరు ప్రకటించి, కింద మీ యూజ్ లైన్ రాసి మూసేయండి. మామూలుగా టెంప్లేట్లన్నీ ఆ ఒక్క ప్యాకేజ్‌నే పంచుకుంటాయి కాబట్టి అంతే చాలు. కాపీల టెన్షన్ వద్దు, కోడ్ ఒక్కటే ఉంటుంది, ఇంపోర్ట్ దానికి ఇంకో పేరు పెడుతుందంతే. సర్వర్ రీస్టార్ట్ మర్చిపోకండి.

సెమికోలన్:
ఆటోహ్యాండ్లర్‌లో (పేజీలన్నిటినీ చుట్టే మేసన్ టెంప్లేట్) వన్స్ బ్లాక్ (లోడైనప్పుడు ఒక్కసారే నడిచే భాగం) పెట్టి అందులో యూజ్ రాసినా అవుతుంది, నేను అలాగే చేస్తాను.

పాతపెర్ల్:
అవుతుంది, కానీ నాకు నచ్చదు. ఏ ఫైల్ ముందు కంపైల్ అవుతుందో నమ్మి కూర్చోవాలి. ఇంపోర్ట్ జరగకముందే కంపైలైన టెంప్లేట్‌లో ఫంక్షన్ పేరు బ్రాకెట్లు లేకుండా రాసి ఉంటే పెర్ల్ కఠిన తనిఖీ అయిన స్ట్రిక్ట్, అది ఫంక్షన్ అని తెలియక 'బేర్‌వర్డ్' అని ఆపేస్తుంది.

కోడుగూడు:
పాతపెర్ల్ గారూ, తేదీలు వచ్చేశాయి, థాంక్స్. ఒక్క ఫంక్షన్ మాత్రం ఇంకా మొరాయిస్తోంది. అది మాడ్యూల్‌లో లేదు, పాత లైబ్రరీ ఫైల్లో ఉంది. స్టార్టప్‌లోనూ టెంప్లేట్‌లోనూ రిక్వైర్ (ఫైల్ లోడ్ చేసే ఆదేశం) చేస్తున్నాను.

పాతపెర్ల్:
ఆ ఫైల్లో ప్యాకేజ్ లైన్ లేదు, అవునా? ప్యాకేజ్ లేని ఫైల్‌ను ఎవరు ముందు రిక్వైర్ చేస్తే ఫంక్షన్లు వాళ్ల ప్యాకేజ్‌లో పుడతాయి. మీకు స్టార్టప్ ముందు పిలిచింది. తర్వాత టెంప్లేట్ అడిగితే 'లోడ్ అయిపోయిందిగా' అని పెర్ల్ వెనక్కి పంపేస్తుంది. రిక్వైర్‌కు ఇంపోర్ట్ కూడా లేదు. రిక్వైర్ తీసేసి 'డూ' పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి, పిలిచిన ప్రతిసారీ ఫైలంతా మళ్లీ కంపైల్ అవుతుంది. ఆ ఫంక్షన్‌ను మీ కొత్త మాడ్యూల్‌లోకే మార్చేయండి. ఎక్స్‌పోర్ట్ జాబితాలో దాని పేరు చేర్చండి. అదే పేరుతో వేరే మాడ్యూల్ నుంచి ఏదీ ఆ కమాండ్స్ ప్యాకేజ్‌లోకి రావట్లేదని ఒకసారి గ్రెప్ చేసి (ఫైళ్లలో వెతికి) చూసుకోండి, వస్తుంటే చివర వచ్చినదే నిలుస్తుంది.