పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10నే ఉంచాలా, 11కు మారాలా?

మట్టిగూడు:
నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఏడవ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత వేయించుకున్న ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఇంతవరకు ఏ పనికీ మొరాయించలేదు. అయితే విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కేమో ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదవ తరం నుంచే అర్హత ఉంది. అర్హత తనిఖీని దాటవేసి 11 వేసుకోమని ఒకరు, పనిచేస్తున్నదాన్ని కదిలించవద్దని మరొకరు చెబుతున్నారు. రెండూ వాడి చూసినవారు ఏది మేలో కారణంతో సహా చెప్పగలరా?

ఏటిగట్టు:
మీ యంత్రానికి విండోస్ 10 చాలు. మద్దతు ముగిశాక కూడా భద్రతా సవరణలు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో (ఈఎస్‌యూ) చేరితే 2026 అక్టోబరు 13 వరకు అవి వస్తాయి; ఎడ్జ్ బ్రౌజర్‌కూ, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వాడే వైరస్ గుర్తింపు సమాచారానికీ 2028 అక్టోబరు దాకా అప్‌డేట్‌లు ఇస్తామని మైక్రోసాఫ్టే ప్రకటించింది. ఇక 11 సంగతి చెబుతాను. నేను చాలా ఏళ్లుగా టాస్క్‌బార్‌ను, అంటే మామూలుగా తెర అడుగున ఉండే పట్టీని, ఎడమ అంచున నిలువుగా పెట్టుకుని పనిచేస్తున్నాను. వెడల్పు తెరల్లో పక్కల చోటు ఎక్కువ, నిలువున తక్కువ. రోజంతా పొడవైన పత్రాలు చదివేవారికి కింది పట్టీ మింగేసే రెండు వరుసలు కూడా విలువైనవే. 2021 అక్టోబరు 5న 11 విడుదలైనప్పుడు ఆ సదుపాయాన్నే ఎత్తేశారు. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ మొత్తం రాదు, అడుగున ఉన్న 'మరిన్ని ఎంపికలు'ను మళ్లీ నొక్కాలి. రోజుకు వందసార్లు చేసే పనికి ఒక నొక్కు పెంచి, దాన్ని మెరుగుదల అంటే నేను ఒప్పుకోను.

వేగుచుక్క:
భద్రత గురించి అడిగినవారికి టాస్క్‌బార్ గురించి జవాబు చెప్పడం న్యాయం కాదు. బ్రౌజర్‌కూ డిఫెండర్‌కూ అప్‌డేట్‌లు వస్తున్నంత మాత్రాన మొత్తం వ్యవస్థకు రక్షణ ఉన్నట్టు కాదు. విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనో, ఫైళ్లు పంచుకునే సేవలోనో లోపం బయటపడితే దాన్ని బ్రౌజర్ పూడ్చలేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ సరిగ్గా అలాంటి లోపం ద్వారానే, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. మద్దతు ముగిసి మూడేళ్లు దాటిన పాత విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు హుటాహుటిన సవరణ విడుదల చేయవలసి వచ్చింది. అటువంటి దయ ప్రతిసారీ దొరుకుతుందని నమ్ముకుని కూర్చోలేము కదా.

ఏటిగట్టు:
ఆ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతుంది. వన్నాక్రై బారిన పడినవాటిలో అత్యధికం ఎక్స్‌పీ కాదు, విండోస్ 7. దానికి 2020 జనవరి 14 దాకా మద్దతు ఉంది. ఆ లోపానికి సవరణ 2017 మార్చిలోనే వచ్చింది. రెండు నెలలైనా దాన్ని వేసుకోనివారే దెబ్బతిన్నారు. అంటే కాపాడేది సవరణ గానీ వెర్షన్ నంబరు కాదు.

వేగుచుక్క:
నేను చెబుతున్నదీ అదే. వచ్చిన సవరణను రెండు నెలలు వేసుకోనందుకే అంత నష్టం జరిగితే, ఇక ఎప్పటికీ రాని సవరణ మాటేమిటి?

దీపశిఖ:
విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుంటే ఈ రెండింటి సమస్యా ఉండదు కదా?

నిదానం:
దీపశిఖ గారూ, అడిగిన ప్రశ్న అది కాదండి. మట్టిగూడు గారూ, దాటవేసే పద్ధతి గురించి నా అనుభవం చెబుతాను. ఆరవ తరం ప్రాసెసర్ ఉన్న యంత్రంలో అర్హత తనిఖీని తీసేయగల రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసిన పెన్‌డ్రైవ్ నుంచి 11 వేసుకున్నాను. నెలనెలా వచ్చే అప్‌డేట్‌లు నాకు అందుతున్నాయి గానీ, అర్హత లేని యంత్రాలకు అవి అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాలేదు, నేనే మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి వేసుకున్నాను. ఆ శ్రమకు సిద్ధపడితేనే ఆ దారి పట్టండి.

వేగుచుక్క:
ఏటిగట్టు గారు ఎన్ని కారణాలు చెప్పినా అసలు సంగతి మార్పంటే జంకు. ఎక్స్‌పీ కాలంలోనూ ఇవే మాటలు విన్నాము.

ఏటిగట్టు:
జంకు అన్నారు కాబట్టి దాచుకున్నది కూడా చెబుతాను. 11 వేయడానికి అర్హత ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌నే నేను ఒక టెక్నీషియన్ చేతికిచ్చాను. సెటప్‌లో ఖాతా అడిగినప్పుడు ఆయన నన్ను అడగకుండా తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యాడు. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలైంది, ఆ తాళం తెరిచే రికవరీ కీ ఆయన ఖాతాలో చేరింది. ఆ సంగతి నాకు తెలియదు. నాలుగు నెలల తర్వాత బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడిగింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఆ ఎనిమిది ఖాళీల ముందు నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. ఆ టెక్నీషియన్ ఫోను ఎత్తలేదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో తీసిన ఫొటోలకు ఆ డిస్క్‌లో తప్ప మరో కాపీ లేదు. నా టాస్క్‌బార్ బాధ నిజమే, కానీ నేను మారనిది అందుకు కాదు. నా కంప్యూటర్ తాళం నా చేతిలో ఉండాలి, నా యంత్రానికి కాలం చెల్లిందో లేదో నేను నిర్ణయించుకోవాలి.

వేగుచుక్క:
మీ బాధ తెలియక తొందరపడి మాటన్నాను, క్షమించండి. అయినా నా మాట ఎందుకు మార్చుకోలేనో నేనూ చెప్పాలి. నేను పనిచేసిన ఒక చిన్న కార్యాలయంలో లెక్కల కంప్యూటర్‌కు మద్దతు ముగిసి రెండేళ్లయినా, 'బాగానే నడుస్తోంది కదా' అని అలాగే వదిలేశారు. ఒక ఉదయం తెరిస్తే ప్రతి ఫైలు పేరు చివరా తెలియని అక్షరాలు చేరి ఉన్నాయి, ఏదీ తెరుచుకోలేదు. అందులో జీతాల వివరాలు, గుర్తింపు పత్రాల నకళ్లు ఉన్నాయి. అవి కార్యాలయానివి కావు, నమ్మి ఇచ్చిన మనుషులవి. వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి విషయం చెప్పే పని నా మీద పడింది. అందుకే 'నా యంత్రం, నా నిర్ణయం' అని ఎవరైనా అంటే ఆ ఫోన్లే గుర్తుకొస్తాయి.

ఏటిగట్టు:
నా ల్యాప్‌టాప్‌లో ఇంకొకరి కాగితం ఒక్కటీ లేదు. పోతే నాదే పోతుంది.

వేగుచుక్క:
మీ వరకు అది నిజమే, మీ నిర్ణయాన్ని నేను ఇక తప్పుపట్టను. కానీ ఇక్కడ అడిగింది మట్టిగూడు గారు. ఆయన ల్యాప్‌టాప్‌లో ఏముందో మనమిద్దరమూ అడగనేలేదు.

మట్టిగూడు:
ముందే చెప్పవలసింది. ఒక సహకార సంఘం సభ్యుల ఖాతాలను, వారి గుర్తింపు పత్రాలతో సహా, నేను ఈ ల్యాప్‌టాప్‌లోనే చూస్తున్నాను. నా సొంత ఫైళ్లు అందులో చాలా తక్కువ. మీ ఇద్దరి మాటలూ చదివాక ఈ రోజే పొడిగింపు పథకంలో చేరాను. ఆ గడువు తీరేలోగా సంఘం లెక్కలను 11కు అర్హత ఉన్న యంత్రంలోకి మార్చి, ఈ పాతదాన్ని నా రాతకోతలకు మాత్రం ఉంచుకుంటాను. తనిఖీ దాటవేసే ఆలోచన మానుకున్నాను. హామీ లేని అప్‌డేట్‌ల మీద పరుల వివరాలు పెట్టలేను.

ఏటిగట్టు:
మంచి నిర్ణయం. కొత్త యంత్రంలో సెటప్ మీరే స్వయంగా చేసుకోండి. మొదటి రోజే ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరేచోట దాచండి.

మట్టిగూడు:
అలాగేనండి. సంఘం కార్యదర్శి బీరువాలో మరో ప్రతి కూడా ఉంచుతాను.