'కన్నుల నీరు దేఁడు': దేఁడా, రాదా?

లంకగన్నేరు: పోతన భాగవతంలో రాక్షసులు పొడుస్తున్నా ప్రహ్లాదుడు ఏడవని 'తన్ను నిశాచరుల్ పొడువ' పద్యం చివర మా తాతగారు 'కన్నుల నీరు రాదు' అని పాడేవారు. అచ్చులో 'దేఁడు'. ఏది నిలుస్తుంది? రాజోలు దగ్గర మా బంధువులబ్బాయికి స్కిజోఫ్రీనియా. అపెండిక్స్ పగిలేదాకా ఇంట్లో ఎవరికీ తెలీలేదు. ముందురోజు కూడా కొబ్బరికాయలు వలుస్తూ కూచున్నాడు, నొప్పని ఒక్క మాట లేదు. అప్పట్నుంచీ ఈ పాదం వదలట్లేదు.

గసడదవ: దేఁడే. అసలు మాట 'తేఁడు', అంటే తీసుకురాడు. ప్రథమా విభక్తిలో ఉన్న 'నీరు' తర్వాత వచ్చింది కాబట్టి సంధిలో త కాస్తా ద అయింది, అంతే. 'రాదు' హరికథల పాఠమై ఉంటుంది.

కడియం నర్సరీ: తొందరెందుకండీ? గణాలకి రెండూ సరిపోతాయి. యతి పాదం మొదటి గ (సంధిలో 'గన్నుల'), 'భయకంప'లోని కం దగ్గర, ఇక్కడ కాదు.

గసడదవ: అందుకే అర్థం చూడమంటున్నా. 'రాదు' అంటే కళ్లే తడవలేదు. 'తేఁడు' అంటే కర్త ప్రహ్లాదుడు, వస్తున్నదాన్ని ఆపుకున్నాడు.

డ్యూటీ డాక్టరు: ఆపుకున్నాడని ఎలా తేల్చారు మాస్టారూ? మా దగ్గరా ఇదే తగువు. స్కిజోఫ్రీనియాలో కొందరు నొప్పికి చలించరని క్రేపెలిన్, బ్లాయిలర్ అనే మానసిక వైద్యులు ఎప్పుడో రాశారు. ఈ జబ్బుకి వాడే క్లోర్‌ప్రోమజీన్ మందు వాళ్ల తర్వాత, 1950లలో కదా వచ్చింది, అంతా మందుల మత్తే అనలేం. కాలి నరానికి కరెంటిచ్చి చూసిన ఒక అధ్యయనంలో రిఫ్లెక్స్ (కాలు తనంతట వెనక్కి లాక్కోవడం) మామూలుగానే వచ్చింది. అంటే వెన్నుపాము దాకా కబురు అందుతోంది. వేడి తగిలించి మెదడు పనితీరు చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ తీస్తే మాత్రం మెదడులో ఇన్సులా, సింగ్యులేట్ లాంటి చోట్ల స్పందన తక్కువ కనిపించింది. తగిలిందని తెలియడం వేరు, బాధ అనిపించడం వేరు. రెండోదానికి ఆ చోట్లే ముఖ్యం.

లంకగన్నేరు: అయితే మావాడు తేలేదా, వాడికి రాలేదా?

డ్యూటీ డాక్టరు: చెప్పుకోలేకపోవడం కూడా కలిసి ఉండొచ్చు. విడదీయడం కష్టం.

కడియం నర్సరీ: పోతన ముందే చెప్పాడు! 'పానీయంబులు త్రావుచున్' చివర 'మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్', అంటే ప్రహ్లాదుడు ఈ లోకాన్నే మరిచాడు. ధ్యాస ఇక్కడుంటేగా నొప్పి తెలియడానికి! ఆ 'మఱచెన్' దగ్గర ఆగి చదవండి, మహానుభావుడు.

గసడదవ: అది భక్తి. ప్రహ్లాదుడికి రోగం అంటగట్టకండి.

డ్యూటీ డాక్టరు: నేనూ అంటగట్టట్లేదు. గన్నేరుగారూ, ఈసారి అన్నం మానేసినా, జ్వరం తగిలినా, వంగి నడుస్తున్నా, 'నొప్పి లేదు' అన్నాడని ఊరుకోకండి. పొట్ట నొక్కి చూడమని డాక్టరుకి చెప్పండి.

గసడదవ: అదలా ఉంచి, 'కన్నుల' షష్ఠా (కళ్ల యొక్క), సప్తమా (కళ్లలో)? ఎవరూ ఎత్తలేదే.

కడియం నర్సరీ: సప్తమి. సందేహమా?

గసడదవ: సందేహమే.