ఒత్తు తప్పితే గడి మొత్తం తప్పేనా?

పాతపలక:
నేను రోజూ పొద్దున్నే ఫోనులో ఆడే, దాచిన మాటను ఊహించి కనుక్కునే తెలుగు పదకేళిలో నిన్నటి జవాబు మూడు గడుల మాట, 'విద్యార్థి'. ఆరు అవకాశాల్లో నాలుగోసారి 'విద్యార్ధి' అని కొట్టాను. మొదటి రెండు గడులు సరైనవని ఆకుపచ్చ అయ్యాయి, మూడోది బూడిద రంగుకు తిరిగింది. ఆ అక్షరం మాటలో ఎక్కడా లేదని దాని భావం. కానీ రకారం ఉంది, గుడి ఉంది, కింద ఒత్తు ఒక్కటే తేడా! ఆ రంగును నమ్మి 'ర'ను పూర్తిగా వదిలేశాను. మిగిలిన రెండు అవకాశాలూ పోయాయి. హల్లు కలిసి, గుణింతమో ఒత్తో తప్పినప్పుడు వేరే రంగు చూపాలని నా వాదన. మీరేమంటారు?

బడిగంట:
చూపకూడదు. ఇరవై ఆరేళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఒప్పుకోలేను. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. 'పడు'కూ 'పాడు'కూ తేడా దీర్ఘమే కదా, దగ్గరికి వచ్చావని ఎలా అంటాం? ఉక్తలేఖనంలో ఒత్తు తప్పితే మా మాస్టారు సగం మార్కు వేసేవారు కాదు, ఆ మాటను పదిసార్లు రాయించేవారు. ఇప్పటికీ ఆ మాటల్లో నా చెయ్యి తడబడదు. రెండక్షరాలు కొడితే ఫోనే మాట అందించే ఈ రోజుల్లో, ఒత్తు గురించి ఆగి ఆలోచించే చోటు ఇలాంటి ఆట ఒక్కటే. దాన్నీ సడలించమంటారా?

గళ్లనుడి:
బడిగంట గారూ, ఇక్కడ లెక్క కూడా చూడాలి. ఈ ఆటకు మూలమైన ఇంగ్లీషు పదాల ఆట వర్డిల్‌ను జోష్ వార్డిల్ 2021లో జనం ముందుకు తెచ్చారు. అందులోనూ అవకాశాలు ఆరే, కానీ ఒక్కో గడిలో ఉండగలిగేది 26 అక్షరాల్లో ఏదో ఒకటి. మనకు తలకట్టు నుంచి విసర్గ దాకా ఒక్క కకారానికే 15 రూపాలు. హల్లులన్నిటికీ చూస్తే, ఒత్తులు కలపకముందే నాలుగు వందలు దాటుతాయి. అన్నిటికీ ఆరే అవకాశాలా? గడిని ముక్కలు చేయమనడం లేదు, మన గళ్లనుడికట్టుల్లో 'స్త్రీ' ఎప్పుడూ ఒక్క గడే. కానీ కంప్యూటర్ లోపల అదే అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క కలిసిందో చెప్పడం దానికి కష్టమేమీ కాదు.

పాతపలక:
బడిగంట గారూ, మూడో తరగతిలో నా పలక మీద జరిగింది చెబుతాను. 'పదార్థం' రాయమంటే 'పదార్ధం' అని రాశాను. మాస్టారు మాటను కొట్టివేయలేదు. నా చేతిలోని బలపం తీసుకుని, ఒత్తు పొట్టలో చిన్న చుక్క పెట్టి పలక తిరిగి నా ఒళ్లో పెట్టారు. పదిసార్లు నాతోనూ రాయించారు, కానీ ఆ చుక్క చూపించిన తరువాతే. నేను అడిగే రంగు ఆ చుక్కే. అవకాశం పోయినట్టే లెక్కించండి, తప్పు ఎక్కడుందో మాత్రం చూపించండి.

బడిగంట:
చుక్క మాట కాదనలేను. అయితే ఒత్తు వరకే చూపండి, గుణింతానికి వద్దు. పడు, పాడు వింటే ఎవరికైనా తేడా తెలుస్తుంది. థకారం, ధకారం మాత్రం చాలామంది నోట ఒకటైపోయాయి, చెవి సాయం రాదు. అక్కడ పిల్లవాడికి చుక్క కనిపించాల్సిందే.