కష్టపెట్టే మెషీనే మంచి ప్రోగ్రామర్లను తయారుచేసిందా? (స్పెక్ట్రమ్ గొడవ మళ్ళీ)

జెడ్80 వీరాభిమాని:
1980ల నాటి బ్రిటిష్ హోం కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో ఉన్నదే 48కే (కిలోబైట్ల) మెమరీ, అందులో తెరకే 6,912 బైట్లు పోతాయి. స్ప్రైట్లు (చిప్పే సొంతంగా కదిలించే బొమ్మలు) లేవు, స్క్రోలింగ్‌కు హార్డ్‌వేర్ సాయం లేదు, 8×8 చుక్కల గడికి రెండే రంగులు. అంత కరువులోనే 1984లో నైట్ లోర్ ఆట వచ్చింది. బొమ్మ కదిలితే రంగులు ఒకదాని మీదికొకటి పాకుతాయని గది మొత్తానికీ ఒక్క రంగే వేసి, ఆ లోపాన్నే దాని అందం చేసేశారు. పోటీ కంప్యూటర్ కమోడోర్ 64 వాళ్ళకి అన్నీ చిప్పులోనే వడ్డించేశారు, ఇక బుర్రకి పనేముంది? కాదనేవాళ్ళు రండి.

సిడ్ చిప్ బాబాయ్:
నేను కాదంటానండీ. ఎనిమిది స్ప్రైట్లు ఇచ్చారు కదా అని కమోడోర్ వాళ్ళు కాళ్ళు బారజాపుకుని కూర్చోలేదు. తెరను పైనుంచి కిందికి గీసే టీవీ గీత ఎంతవరకు వచ్చిందో కనిపెట్టి, పైన వాడేసిన స్ప్రైట్‌నే కింద మళ్ళీ వాడి, ఎనిమిదికి మించి చూపించారు. మూడే ఛానెళ్ళున్న సౌండ్ చిప్‌తో ఆటల సంగీతకారుడు రాబ్ హబ్బర్డ్ ఏం చేశాడో వినండి. ఎంత ఇచ్చినా చాలనివాడికి ఎప్పుడూ కరువే.

టేపు రీలు:
ఇద్దరూ ధర మాటే ఎత్తలేదు. 1982లో 48కే స్పెక్ట్రమ్ 175 పౌండ్లు. అప్పటి మరో బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో బీ మోడల్ 335 అని ప్రకటించి, కొన్నాళ్ళకే 399 చేశారు. సగం ధరకే వస్తోంది కాబట్టి స్పెక్ట్రమ్ మామూలు ఇళ్ళలోకి వెళ్ళింది. ఇంట్లో టీవీకి తగిలించి, పాత టేప్‌రికార్డర్ కలిపి, క్యాసెట్‌లోని ఆట ఎక్కించడానికి జె నొక్కితే లోడ్ అనే ఆదేశం మొత్తం పడేది. తెర అంచున ముందు ఎరుపు, లేతనీలం గీతలు, తర్వాత నీలం, పసుపు గీతలు పరిగెడతాయి, ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటే చివర్లో "టేప్ లోడింగ్ ఎర్రర్". స్క్రూడ్రైవర్‌తో టేప్‌రికార్డర్ హెడ్ కాస్త తిప్పి మళ్ళీ మొదలు. ఇదంతా రాత్రి ఎంతసేపైనా చేసుకోవచ్చు, అడిగేవాడు లేడు.

మన దగ్గర 1984లో క్లాస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ విద్య ప్రాజెక్టు కింద స్కూళ్ళకు వచ్చినది బీబీసీ మైక్రోనే. మా స్కూల్లో చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి, ఒక్కో మెషీన్ ముందు ఐదుగురం, కీలు నొక్కేది మాత్రం సారు! అదే ఏడాది అదే మెషీన్ మీద కేంబ్రిడ్జి కుర్రాళ్ళు బ్రాబెన్, బెల్ ఎలైట్ అనే అంతరిక్ష ఆట విడుదల చేశారు.

జెడ్80 వీరాభిమాని:
చౌకే అసలు కారణమైతే స్పెక్ట్రమ్‌కి ముందొచ్చిన జెడ్‌ఎక్స్81 ఇంకా చౌక కదా మాస్టారూ, 69.95 పౌండ్లు. దాని మీద ఎలైట్ ఎందుకు రాలేదు?

టేపు రీలు:
ఎలైట్ రాలేదు గానీ 1కే మెమరీలో 672 బైట్ల చదరంగం వచ్చింది, డేవిడ్ హోర్న్ రాసినది. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) లేదు, అయినా మనతో ఆడేది. 1కే దగ్గర చౌక ఒక్కటే సరిపోదంటే ఒప్పుకుంటా. కానీ కష్టం వల్లే గొప్ప ఆటలు వచ్చాయంటే మాత్రం ఒప్పుకోను. 1983లో స్పెక్ట్రమ్ ఆట మానిక్ మైనర్ రాసిన మాథ్యూ స్మిత్ దాని రబ్బరు కీల మీద కుస్తీ పట్టనేలేదు. టాండీ టీఆర్‌ఎస్-80 అనే వేరే కంప్యూటర్ మీద రాశాడు. అందులోనూ స్పెక్ట్రమ్‌లోలాగే జెడ్80 ప్రాసెసర్ చిప్పే కాబట్టి కోడ్ అక్కడ కొట్టి స్పెక్ట్రమ్‌లోకి పంపుకున్నాడు. మీ హీరోనే కష్టాన్ని తప్పించుకున్నాడు!

సిడ్ చిప్ బాబాయ్:
బాగుంది. మరి ఆ టాండీ ధర స్పెక్ట్రమ్‌తో పోలిస్తే ఎంతో అది కూడా చెప్పండి, మీ చౌక వాదం ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.