డొమైన్, హోస్టింగ్ ఒకే కంపెనీ దగ్గర తీసుకోవాలా, వేరువేరుగానా? (మొదటి వెబ్‌సైట్)

మగ్గం_మనవడు

మాది మంగళగిరి. తాత కాలం నుంచి చీరల వ్యాపారమే. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటోలు పంపి అమ్ముతున్నాం. ఆర్డర్లకు లోటు లేదు కానీ, అడిగిన ప్రతి ఒక్కరికీ అవే నలభై ఫొటోలు పంపలేక చస్తున్నాను. అందుకే సొంత వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నాం. చీరల ఫొటోలు, ధరలు, షాపు అడ్రసు, ఒక వాట్సాప్ బటన్, అంతే. ఆన్‌లైన్ పేమెంట్ సంగతి తర్వాత.

ఒక హోస్టింగ్ కంపెనీ ఆఫర్ చూశాను. 48 నెలలకు ఒకేసారి కడితే నెలకు 149, డొమైన్ మొదటి ఏడాది ఫ్రీ. 18 శాతం జీఎస్టీతో 8,439 అవుతోంది. మా ఫ్రెండేమో “డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట తీసుకో, రెండూ ఒకరి చేతిలో పెట్టకు” అంటున్నాడు. ఎందుకురా అంటే “అందరూ అదే చెప్తారు” అన్నాడు. నాకు కోడింగ్ రాదు. మీరేమంటారు?

పాతకాపు

మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే. కారణం నేను చెప్తాను. హోస్టింగ్ అంటే అద్దె గది. అద్దె పెంచితే సామాను సర్దుకుని ఎదురు సందులోకి పోతాం. డొమైన్ అంటే షాపు బోర్డు. ఆ బోర్డును కూడా ఓనరు గోడకే సిమెంటు చేయించుకుంటే ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది.

నాకు తెలిసొచ్చింది అలాగే. 2012లో మా ట్యూషన్ సెంటర్‌కు ఒక డిజైనర్ దగ్గర “అన్నీ కలిపి” ప్యాకేజీ తీసుకున్నాం. డొమైన్ ఆయన పేరు మీద, ఆయన ఈమెయిల్ మీద పెట్టాడు. మాకు తెలియదు, మేం అడగలేదు. నాలుగేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు, గడువు దాటింది. రిజిస్ట్రార్‌కు, అంటే డొమైన్ అమ్మిన కంపెనీకి, మెయిల్ పెడితే “ఖాతా మీది కాదు” అన్నారు. వాళ్ల తప్పేం లేదు. గడువు అయిపోయాక కొన్నాళ్లు గ్రేస్ పీరియడ్, ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ (అదనపు డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకునే గడువు), చివర 5 రోజులు డిలీట్ అవడానికి. ఇదంతా రోజులు లెక్కపెట్టుకుంటూ చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాం. వదిలిన మరుక్షణం ఎవరో కొనేశారు. ఇప్పుడు ఆ పేరు కొడితే రమ్మీ ఆట వస్తుంది. పాత పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి మరీ చెప్పారు.

శీను_సిరిసిల్ల

అన్నా, బాధగా ఉంది గానీ మీ కథలో తప్పు ఎక్కడ? ఒకే చోట కొనడంలో లేదు. డొమైన్ వేరేవాళ్ల పేరు మీద ఉండటంలో ఉంది. రెండు కంపెనీల దగ్గర కొన్నా ఆ డిజైనర్ ఖాతాలోనే ఉంటే మీకు మిగిలేది ఆ రమ్మీయే.

నేను చిన్న షాపులకు సైట్లు చేసి ఇస్తాను. నాకు వచ్చే ఏడుపు ఫోన్లు ఎక్కువగా రెండు చోట్ల కొన్నవాళ్లవే. సైట్ రాదు. హోస్ట్ వాళ్లను అడిగితే “మీ రిజిస్ట్రార్ దగ్గర నేమ్‌సర్వర్ చూసుకోండి” అంటారు. నేమ్‌సర్వర్ అంటే ఆ పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పేది. రిజిస్ట్రార్‌ను అడిగితే “మా వైపు అంతా బాగుంది, హోస్ట్‌ను అడగండి” అంటారు. మధ్యలో కిరాణా కొట్టాయన ఫుట్‌బాల్. ఒక కస్టమర్ యూట్యూబ్ చూసి నేమ్‌సర్వర్లు తనే మార్చుకున్నాడు. పాతచోట ఉన్న ఎమ్ఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేవి) కొత్తచోట పెట్టుకోవాలని ఆ వీడియోలో చెప్పలేదు. సైట్ వచ్చింది, మెయిల్ పోయింది. నాలుగు రోజులు “ఆర్డర్లు తగ్గాయేంటి” అనుకుంటూ కూర్చున్నాడు.

కోడింగ్ రాదని తమ్ముడే చెప్తున్నాడు. ఒకే లాగిన్, ఒకే బిల్లు, ఒకే రెన్యువల్ తేదీ. తన పేరు మీద, తన మెయిల్ మీద తీసుకుంటే ఒకే చోట ఉన్నా నష్టం లేదు.

పాతకాపు

పేరు సంగతి ఒప్పుకుంటాను. కానీ “ఒకే రెన్యువల్ తేదీ” అన్నారు చూడండి, అది మాత్రం నిజం కాదు. ఆ ఆఫర్ మళ్లీ చదవండి. హోస్టింగ్ 48 నెలలు, డొమైన్ 12 నెలలు. “నాలుగేళ్లకు కట్టేశాం” అని మనిషి నిశ్చింతగా పడుకుంటాడు. పదమూడో నెలలో గది ఉంటుంది, బోర్డు ఉండదు.

శీను_సిరిసిల్ల

అది నిజమే. నా కస్టమర్లకూ జరిగింది, ఒకరికి కాదు. అయినా నా మాట మారదు. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. ఎమ్ఎక్స్ రికార్డు నేర్చుకోవడం కన్నా అలారం పెట్టుకోవడం తేలిక.

కమాండ్‌లైన్_కామేశం

అసలు హోస్టింగ్ ఎందుకయ్యా? నలభై ఫొటోలు, ఒక వాట్సాప్ బటన్. దీనికి డేటాబేస్ అక్కర్లేదు, వర్డ్‌ప్రెస్ అక్కర్లేదు. స్టాటిక్ పేజీలు, అంటే అందరికీ ఒకేలా కనబడే మామూలు ఫైళ్లు, చేసి గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసులో పెట్టు. ఫ్రీ. సైట్ 1 జీబీ దాకా, నెలకు 100 జీబీ ట్రాఫిక్ దాకా ఇస్తారు. డొమైన్ ఒక్కటి కొంటే చాలు. ఇక “ఒకే చోటా, రెండు చోట్లా” అనే గొడవే లేదు.

శీను_సిరిసిల్ల

కామేశం గారూ, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి గిట్‌హబ్ పేజెస్‌ను ఫ్రీ హోస్టింగ్‌లా వాడొద్దని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. చీరలు అమ్మేది వ్యాపారం కాదా?

కమాండ్‌లైన్_కామేశం

సరే, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్. అదీ ఫ్రీయే, స్టాటిక్ ఫైళ్లకు ట్రాఫిక్ లెక్క కూడా లేదు. ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదంతే. 25 ఎంబీ చీర ఫొటో పెట్టేవాడికి వేరే శిక్ష ఉండాలి.

డాలస్_వదిన

ఆ శిక్ష పడేది మాకే! నేను మీలాంటి షాపుల్లో కొనేదాన్ని. నిజాం అంచు చీర కోసం పోయిన దసరాకు ఎన్ని సైట్లు తిరిగానో. ఒక్కో ఫొటో పైనుంచి కిందికి పరదా దిగినట్టు దిగుతుంది. మా ఆయన చూసి, ఫోన్‌లో తీసిన ఫొటోను తీసినట్టే ఎక్కించారన్నారు. ఒక్కోటి 8 ఎంబీ ఉందట. మీరు ఏ కంపెనీ తీసుకున్నా ఫొటోలు కుదించి పెట్టండి బాబూ. రంగు నిజంగా ఉన్నట్టు పడితే ఇంకా సంతోషం.

కమాండ్‌లైన్_కామేశం

మేడమ్ చెప్పింది లక్ష రూపాయల మాట. 200 కేబీ ఫొటో చాలు. సర్వర్ ముంబైలో ఉంటే మన ఊళ్లవాళ్లకు తేడా తెలుస్తుంది. అమెరికా సర్వర్‌కు వెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. కానీ అదంతా రెండో మాట. 8 ఎంబీ ఫొటో ముంబైలో ఉన్నా 8 ఎంబీయే.

అటకమీది_డైరీ

నేనొక అడ్డం మాట చెప్తాను. 2007, 2008 నాటి తెలుగు బ్లాగులు గుర్తున్నాయా? కూడలి తెరిస్తే ఎవరేం రాశారో అంతా ఒకచోట కనబడేది. అప్పట్లో “సీరియస్‌గా రాసేవాళ్లు సొంత డొమైన్ తీసుకోవాలి” అని చాలామంది మారారు. ఇప్పుడు నా పాత లింకులు నొక్కి చూస్తే, మారినవాళ్లవి చాలావరకు మాయం. బ్లాగ్‌స్పాట్‌లోనే బద్ధకంగా ఉండిపోయినవాళ్లవి ఇంకా తెరుచుకుంటున్నాయి, నాదీ వాటిలో ఒకటి. ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని వెయ్యి రూపాయలు కట్టడం అనేది రాయడం కన్నా కష్టమైన పని. బ్లాగర్‌కు (గూగుల్ వాళ్ల బ్లాగ్‌స్పాట్ అదే) సొంత డొమైన్ తగిలించుకోవచ్చు కూడా. డొమైన్ కట్టడం మర్చిపోయినా సరుకు ఎక్కడికీ పోదు, సెట్టింగ్స్‌లో ఆ డొమైన్ తీసేస్తే పాత బ్లాగ్‌స్పాట్ అడ్రసు మళ్లీ తెరుచుకుంటుంది.

పాతకాపు

అమ్మా, గూగుల్‌ను నమ్ముకోమంటారా? గూగుల్ డొమైన్స్ అని పెట్టి, 2023లో ఆ ఖాతాలన్నీ స్క్వేర్‌స్పేస్‌కు అమ్మేశారు కదా.

అటకమీది_డైరీ

అమ్మారు. ఎవరి డొమైనూ పోలేదు కూడా. పేరు వాళ్లదే, కౌంటర్ మారిందంతే. నేను నమ్మమనడం లేదు నాయనా, ఏది బతికిందో చెప్తున్నాను.

మగ్గం_మనవడు

తల తిరుగుతోంది. ధర సంగతి ఎవరైనా చెప్పండి. ఒకచోట డాట్ కామ్ 99 రూపాయలే అని ఉంది, ఇంకోచోట 1,100. ఇంత తేడా ఎందుకు?

కమాండ్‌లైన్_కామేశం

డాట్ కామ్ మొత్తం వెరిసైన్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉంది. ఏ రిజిస్ట్రార్ అమ్మినా వెరిసైన్‌కు టోకు ధర కట్టాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో అది ఏడాదికి 10.26 డాలర్లు అయింది, దాని మీద ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ) రుసుము కొన్ని సెంట్లు. మన లెక్కలో తొమ్మిది వందల దగ్గర. 99కి ఇచ్చేవాడు మిగతాది తన జేబులోంచి పెట్టుకుంటున్నాడు. ఎందుకు పెడతాడో వ్యాపారం చేసేవాడివి నీకు నేను చెప్పాలా? రెండో ఏడాది ధర ఎంతో చూడు, అదే అసలు ధర. క్లౌడ్‌ఫ్లేర్ టోకు ధరకే ఇస్తుంది, కానీ నేమ్‌సర్వర్లు వాళ్లవే వాడాలి.

హోస్టింగ్‌కూ అంతే. నెలకు 149 అన్నది మొదటిసారికే. “రెన్యువల్ ధర” అని కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. 48 నెలలకు కట్టించుకునేది నీ మీద ప్రేమతో కాదు. ఎస్ఎస్ఎల్‌కు (సైట్ అడ్రసులో https వచ్చేలా చేసేది) వేరే డబ్బులు అడిగితే లేచి వచ్చేయ్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్వీసు వచ్చినప్పటి నుంచి అది ఫ్రీ.

లెడ్జర్_లక్ష్మణ్

విదేశీ రిజిస్ట్రార్ అనేముందు ఒక్క నిమిషం. నేను అకౌంట్స్ మనిషిని. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం కార్డు మీద ఆటో డెబిట్ జరగాలంటే ముందుగా ఈ-మాండేట్, అంటే బ్యాంకు దగ్గర మీరిచ్చిన అనుమతి, ఉండాలి. చాలా విదేశీ కంపెనీల దగ్గర ఆ ఏర్పాటు లేదు. మీరు “ఆటో రెన్యువల్ ఆన్” అని చూసి హాయిగా ఉంటారు, తేదీ వచ్చినప్పుడు బ్యాంకు తిప్పి పంపుతుంది. మా క్లయింటుకు ఇలాగే డొమైన్ తొమ్మిది రోజులు ఆగిపోయింది. పైగా డాలర్లలో కడితే ఫారిన్ మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము) పడుతుంది. ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గరైతే యూపీఐతో కట్టేయొచ్చు, మీ షాపు జీఎస్టీ నంబరుతో బిల్లు వస్తే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. వందా నూటయాభై కోసం అమెరికా దాకా పోకండి.

శీను_సిరిసిల్ల

లక్ష్మణ్ గారు చెప్పింది బంగారం. తమ్ముడూ, ఒకటి రెండు చోట్ల సంగతి పక్కన పెట్టు, ఇంకో రెండు గుంతలున్నాయి. డాట్ కామ్ కొన్నాక “మీ ఈమెయిల్ వెరిఫై చేయండి” అని ఒక మెయిల్ వస్తుంది. స్పామ్ అనుకుని వదిలేస్తే 15 రోజుల తర్వాత డొమైన్ ఆపేస్తారు. అది ఐకాన్ రూలు. సైట్ మొదలుపెట్టిన రెండు వారాలకే పోయిందని ఏడ్చేవాళ్లు వీళ్లే.

రెండోది. రిజిస్ట్రార్ ఖాతాకు మీ కొత్త డొమైన్‌తో పెట్టుకున్న మెయిల్ ఇవ్వకు. స్టైల్‌గా ఉంటుందని ఇస్తారు. గడువు దాటితే డొమైన్‌తో పాటు ఆ మెయిలూ ఆగుతుంది. గుర్తుచేసే మెయిలూ రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టు. మామూలు జీమెయిల్ ఇవ్వు.

పాతకాపు

ఇది మాత్రం శీను గారికి నమస్కారం పెట్టాల్సిన సలహా. నాదొకటి: బ్యాకప్. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్లు నిజంగానే అంతా పోగొట్టుకున్నారు. నా వాదనకు మూలం ఇదే. ఏదైనా రెండు చోట్ల ఉండాలి. హోస్ట్‌తో బిల్లు గొడవ వచ్చి ఖాతా ఆపేశారనుకోండి, డొమైన్ బయట ఉంటే నేమ్‌సర్వర్ మార్చి బ్యాకప్‌తో ఇంకోచోట అదే రోజు షాపు తెరవొచ్చు. లోపల ఉంటే వాళ్లు ఆథ్ కోడ్ (డొమైన్‌ను వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావలసిన కోడ్) ఇచ్చేదాకా ఆగాలి. కొన్న మొదటి 60 రోజుల్లో అయితే కోడ్ ఉన్నా వేరేచోటికి మార్చనివ్వరు.

శీను_సిరిసిల్ల

బిల్లు గొడవ నూటికి ఒకరికి వస్తుంది. నేమ్‌సర్వర్ గొడవ పదికి ఆరుగురికి వస్తుంది. నేను ఫోన్లు ఎత్తేవాణ్ణి అన్నా, మీరు ఎత్తరు.

పాతకాపు

ఆ ఒక్కణ్ణి నేను. అదే తేడా.

మగ్గం_మనవడు

అందరికీ థాంక్స్. రాత్రి నాన్న పక్కన కూర్చుని అంతా చదివి వినిపించాను. ఆయనకు అర్థమైంది బోర్డు, గోడ, రమ్మీ. అవి చాలు అన్నారు.

డొమైన్ ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గర, నాన్న పేరు మీద, నా జీమెయిల్‌తో, మూడేళ్లకు యూపీఐతో కట్టేస్తాం. ఆ 48 నెలల ఆఫర్ వద్దు. కామేశం గారు చెప్పినట్టు స్టాటిక్ పేజీలు ఫ్రీగా పెట్టి ఒక సీజన్ చూస్తాం. పేమెంట్ పెట్టే రోజు వస్తే అప్పుడు ఏడాదికి హోస్టింగ్ తీసుకుంటాం. శీను అన్నా, నేమ్‌సర్వర్ దగ్గర ఇరుక్కుంటే నీకే ఫోన్ చేస్తాను, తప్పదు.

శీను_సిరిసిల్ల

చెయ్. మార్చేముందు పాత రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. పేరు ఏం పెడుతున్నారు?

మగ్గం_మనవడు

అక్కడే ఆగాం. షాపు పేరులో “లక్ష్మి” ఉంది. నేను కె, ఎస్, హెచ్ అంటున్నాను. నాన్న ఎక్స్ ఉండాల్సిందే అంటున్నారు, షాపు బోర్డు మీద అలాగే ఉందట.

డాలస్_వదిన

రెండూ కొనేయండి. నేనైతే ఎక్స్‌తోనే వెతుకుతాను.

మగ్గం_మనవడు

కె, ఎస్, హెచ్‌ది దొరికింది, తీసుకున్నాం. ఎక్స్‌ది ఎవరిదగ్గరో ఉంది. డొమైన్ వివరాలు చూపించే హూయిజ్‌లో చూస్తే పేరు కనబడలేదు కానీ గడువు తేదీ ఉంది, వచ్చే నెల 14. నాన్న ఆ తేదీని షాపు క్యాలెండర్‌లో పెన్నుతో సున్నా చుట్టారు. “కట్టడం మర్చిపోతారేమో చూద్దాం” అంటున్నారు.