పీఎస్‌క్యూఎల్‌లో మధ్యలో ఎర్రర్ వచ్చినా తర్వాతి కమాండ్లు నడిచిపోతున్నాయి, ఆపడం ఎలా?

ఆదోని_పత్తి:
ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు లెక్కల డేటాబేస్ చూస్తుంటాను. పోస్ట్‌గ్రెస్, దాని కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌తో నడుపుతాం. రోజూ రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైముకు పనిని దానంతటదే నడిపే ప్రోగ్రామ్) ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు నడుస్తుంది. ఆ రోజు లాట్లను పాత రికార్డుల టేబుల్‌లోకి ఇన్‌సర్ట్ చేసి, ఆ తర్వాత రోజువారీ టేబుల్‌ను డిలీట్‌తో ఖాళీ చేస్తుంది. మొన్న ఒక లాటుకు తేమ శాతం ఎక్కలేదు. పాత రికార్డుల్లో ఆ కాలమ్ ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఇన్‌సర్ట్ ఫెయిలయింది. డిలీట్ మాత్రం శుభ్రంగా నడిచింది! క్రాన్‌కు ఏమీ తెలియలేదు. ఇప్పుడు కాటా చీటీలు ముందేసుకుని లాట్లన్నీ మళ్లీ ఎక్కిస్తున్నాం. రైతులకు ఇవ్వాల్సిన డబ్బుల లెక్క కదా, చాలా టెన్షన్‌గా ఉంది. మొదటి ఎర్రర్ దగ్గరే ఆగేలా చేయొచ్చా?

కొండారెడ్డి_బురుజు:
చేయొచ్చన్నా. ఫైలు ఇచ్చి నడిపితే పీఎస్‌క్యూఎల్ అలవాటు అంతే, ఒకటి ఫెయిలైనా తర్వాతిదానికి వెళ్లిపోతుంది. చివరికి ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే అంకె) 0 ఇస్తుంది, అంటే అంతా సరే అని, అందుకే క్రాన్ అంతా బాగుందనుకుంది. ఆన్_ఎర్రర్_స్టాప్ అనే వేరియబుల్‌ను 1 చేయండి. పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, చిన్న అక్షరాల్లో రాస్తే పట్టించుకోదు. ఫైలు మొదట్లో బ్యాక్‌స్లాష్ సెట్‌తో రాయొచ్చు, లేదా కమాండ్‌లోనే హైఫన్ వి పెట్టి ఇవ్వొచ్చు. ఎర్రర్ రాగానే ఆగి ఎగ్జిట్ కోడ్ 3 ఇస్తుంది.

దేవుని_కడప:
అక్కడితో సరిపోదు. ఆగడం వేరు, జరిగినదాన్ని వెనక్కి తీసుకోవడం వేరు. ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, అంటే ప్రతి కమాండూ విడివిడిగా కమిట్ (శాశ్వతంగా సేవ్) అయిపోతుంది. ఐదో కమాండ్ దగ్గర ఆగితే మొదటి నాలుగూ అలాగే ఉండిపోతాయి. మరుసటి రాత్రి అదే ఫైలు మళ్లీ నడిస్తే అవి రెండోసారి పడతాయి. హైఫన్ 1 కూడా పెట్టండి, ఫైలు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్ అవుతుంది, అంటే జరిగితే అన్నీ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. అయితే ఫైలు లోపల బిగిన్, కమిట్ ఉంటే తీసేయాలి, లేకపోతే ఈ రక్షణ పనిచేయదు.

ఆదోని_పత్తి:
సార్, హైఫన్ 1 ఒక్కటే పెడితే చాలదా?

దేవుని_కడప:
డేటా వరకు చాలు. ఎర్రర్ తర్వాత ఆ ట్రాన్సాక్షన్‌లో మిగతా కమాండ్లను సర్వర్ తిప్పికొడుతుంది, చివర్లో కమిట్ అన్నా రోల్‌బ్యాకే (చేసినదంతా రద్దు) అవుతుంది. కానీ ఎగ్జిట్ కోడ్ మళ్లీ 0. పని జరగలేదన్న సంగతి మీకు తెల్లారినా తెలియదు. అందుకే రెండూ కావాలి.

తాడిపత్రి:
ఇంకోటి. ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో డాట్ పీఎస్‌క్యూఎల్ఆర్‌సీ ఫైలు (పీఎస్‌క్యూఎల్ మొదలవగానే చదివే సెట్టింగులు) ఉందేమో చూడండి. చేత్తో పనిచేసేటప్పుడు భద్రత కోసమని చాలామంది అందులో ఆటోకమిట్ ఆఫ్ చేసుకుంటారు. క్రాన్ కూడా అదే ఫైలు చదివితే, చివర్లో కమిట్ లేని స్క్రిప్టు చేసిన పనంతా చడీచప్పుడు లేకుండా పోతుంది. క్రాన్‌లో పెద్ద అక్షరం హైఫన్ ఎక్స్ తప్పకుండా పెట్టండి, ఆ ఫైలును చదవదు.

పెన్న_ఒడ్డు:
వేరే డేటాబేస్‌ల వాళ్లు కూడా ఈ చర్చ చూస్తారు కాబట్టి చెబుతున్నా. మైఎస్‌క్యూఎల్‌లో ఫైలు ఇస్తే మొదటి ఎర్రర్‌కే ఆగుతుంది, ఫోర్స్ ఆప్షన్ పెడితేనే ముందుకు పోతుంది. ఎస్‌క్యూలైట్‌లో డాట్ బెయిల్ ఆన్ అనాలి. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్ విషయంలో మాత్రం జాగ్రత్త: వెనెవర్ ఎస్‌క్యూఎల్ఎర్రర్ ఎగ్జిట్ అని రాసి వదిలేస్తే, ఆగే ముందు అప్పటిదాకా చేసినదాన్ని కమిట్ చేస్తుంది. చివర రోల్‌బ్యాక్ అని రాయాల్సిందే.

కొండారెడ్డి_బురుజు:
అసలు మీ రెండు కమాండ్లనూ ఒకటి చేసేయొచ్చన్నా. విత్ లోపల డిలీట్ పెట్టి, దానికి రిటర్నింగ్ (తీసేసిన వరసలను తిరిగి ఇచ్చేది) తగిలించి, వచ్చిన వరసలనే ఇన్‌సర్ట్‌కు ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్‌లో అది ఒకే స్టేట్‌మెంట్. ఇన్‌సర్ట్ ఫెయిలైతే డిలీట్ కూడా జరగనట్టే. రేపు ఇంకెవరో వచ్చి ఆప్షన్లు మర్చిపోయి నడిపినా లాట్లు పోవు. నా ఓటు దీనికే.

ఆదోని_పత్తి:
టెస్ట్ కాపీ మీద చూశాను. కావాలనే తేమ శాతం ఖాళీ పెట్టి నడిపితే కోడ్ 3 వచ్చింది, రోజువారీ టేబుల్ కదలలేదు. కోడ్ 0 కాకపోతే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా షెల్ స్క్రిప్టులో పెట్టాను. ఒక్క చిక్కు మిగిలింది, మా ఫైలు చివర్లో వాక్యూమ్ (డిలీట్ అయిన వరసల జాగాను శుభ్రం చేసే కమాండ్) ఉంది. హైఫన్ 1 పెట్టగానే దానికి ఎర్రర్ వస్తోంది.

దేవుని_కడప:
వాక్యూమ్ ట్రాన్సాక్షన్ లోపల నడవదు. దాన్ని ఫైల్లోంచి తీసి, మొదటిది 0 ఇచ్చాకే నడిచేలా షెల్‌లో విడిగా రెండో కమాండ్‌గా పెట్టండి.