అరెకా పామ్‌కు నల్లి పట్టింది. మందు కొట్టిన కొద్దీ ఎక్కువవుతోంది

ప్రశ్న | మియాపూర్ మొక్కలు

అందరికీ నమస్కారం. మేము హైదరాబాదు మియాపూర్‌లో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాము. హాలులో పడమటి కిటికీ పక్కన ఐదేళ్లుగా పెంచుకుంటున్న అరెకా పామ్, దానికి ఆనుకుని రెండు క్రోటన్లు, కాస్త దూరంగా ఒక పీస్ లిలీ ఉన్నాయి. మార్చి చివర్లో అరెకా ఆకులు కళ తప్పినట్లు కనిపిస్తే దుమ్ము పట్టిందనుకుని తడిగుడ్డతో తుడిచాను. దగ్గరగా చూస్తే ఆకు పైభాగమంతా సన్న ఇసుక చల్లినట్లు లేత పసుపు చుక్కలు ఉన్నాయి; అవి తుడిచినా పోలేదు. ఏప్రిల్ రెండో వారానికి ఆకుల మొదళ్ల దగ్గర సాలెగూడు వంటిది అల్లుకుంది.

పురుగుమందుల దుకాణంలో “మొక్కకు నల్లి పట్టింది” అని చెబితే ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. మొక్కను బాల్కనీలోకి తీసుకువెళ్లి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేశాను. తగ్గకపోగా ఇప్పుడు క్రోటన్లకు కూడా పాకింది. దీనికి తోడు పీస్ లిలీ కుండీ చుట్టూ దోమకంటే చిన్నవైన నల్లటి ఈగలు ఎగురుతున్నాయి. ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా? ఇంట్లో మూడేళ్ల పాప ఉన్నందువల్ల ఘాటైన మందులు వాడే ధైర్యం నాకు లేదు. మా అత్తగారు మొక్కను తీసి పారేయమంటున్నారు గాని, ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజున తెచ్చుకున్న మొక్క కావడంతో మనసొప్పడం లేదు.

జవాబు 1 | గుంటూరు, విశ్రాంత వ్యవసాయ విస్తరణ అధికారి

అమ్మా, మీరు దుకాణంలో చెప్పిన మాటలోనే చిక్కు ఉంది. తెలుగులో మనం రెండు వేర్వేరు జీవులను నల్లి అనే పిలుస్తాము. పిండినల్లి ఆరు కాళ్ల కీటకం. ఆకు కాడలు కాండాన్ని కలిసే మూలల్లో దూదిపింజలా తెల్లగా గుంపు కడుతుంది, దాని చుట్టూ ఆకులు జిగురుగా ఉంటాయి, చీమలు తిరుగుతుంటాయి. చుక్కలు, గూడు చూస్తే మీ మొక్కకు పట్టింది ఎర్రనల్లి అనిపిస్తోంది. అది అసలు కీటకమే కాదు. అది సాలీడు జాతికి దగ్గరిది. ఎదిగిన దానికి ఎనిమిది కాళ్లుంటాయి, పొడవు అర మిల్లీమీటరుకు మించదు. దుకాణదారు నల్లి అనగానే పిండినల్లి అనుకుని దానికి పనిచేసే మందు ఇచ్చి ఉంటారు. ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే కీటకాల మీద పనిచేస్తుంది గాని ఎర్రనల్లిని చంపదు. పైగా ఆ మందు వాడిన మొక్కలపై ఎర్రనల్లి మరింత ఎక్కువగా గుడ్లు పెట్టడాన్ని పరిశోధకులు గమనించారు. మిరప తోటల్లో సింథటిక్ పైరెథ్రాయిడ్లు అనే పురుగుమందులు వరుసగా కొట్టిన చోట నల్లి విజృంభించడం నేను ఉద్యోగకాలంలో చాలాసార్లు చూశాను. కాబట్టి మందు కొట్టిన కొద్దీ ఎక్కువైందన్న మీ అనుమానం నిజమే కావచ్చు.

నా మాట మీదనే నమ్మకం పెట్టుకోకుండా మీరే ఒక పరీక్ష చేయండి. తెల్ల కాగితాన్ని ఆకు కింద పట్టుకుని ఆకును నాలుగైదుసార్లు గట్టిగా తట్టండి. కాగితం మీద మిరియపు పొడి వంటి నలుసులు పడతాయి. కాగితాన్ని కదపకుండా అర నిమిషం చూస్తూ ఉంటే వాటిలో కొన్ని నెమ్మదిగా నడక మొదలుపెడతాయి. నడిచేవి నల్లులు, కదలనిది దుమ్ము. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఉంటే ఆకు అడుగున గుండ్రని ముత్యాల వంటి గుడ్లు, విడిచిన తెల్లని కుబుసాలు కూడా కనిపిస్తాయి. పేరు ఎర్రనల్లి అయినంత మాత్రాన ఎర్రగానే ఉండాలని లేదు. మన ఇళ్లలో తరచుగా కనిపించేది లేత పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉండి, వీపుకు రెండు వైపులా నల్లటి మచ్చలతో ఉంటుంది. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని రైతు నిలబడిన చోటు నుంచే చెప్పేస్తాడు. ఇంటి మొక్కలకు అంత సులువైన గుర్తు లేదు, ఆకు తిరగేసి చూడాల్సిందే.

నివారణలో అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్లే. కుండీ నోటిని ప్లాస్టిక్ కవరుతో కట్టి, మొక్కను స్నానాల గదిలో పక్కకు వంచి, షవరుతో ఆకుల అడుగుభాగాన్ని ధారగా కడగండి. గూళ్లు, నల్లులు, గుడ్లలో కొన్ని అప్పుడే కొట్టుకుపోతాయి. ఆకులు ఆరిన తరువాత వేపనూనె పిచికారీ చేయండి. ఒక్కసారితో ఆపితే ఫలితం ఉండదు. ఈ ఎండల్లో గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది, పిల్ల మరో వారం లోపే ఎదిగి తానూ గుడ్లు పెడుతుంది. గుడ్ల మీద ఈ మందుల ప్రభావం తక్కువ గనుక, పగిలిన పిల్లలు ఎదిగేలోపు మళ్లీ కొట్టాలి. నాలుగైదు రోజులకు ఒకసారి చొప్పున కనీసం నాలుగు విడతలు అవసరం. సరైన మందు కొట్టినా మీలా వారం ఆగితే మధ్యలో కొత్త తరం ఎదిగిపోవచ్చు.

ప్రొపార్గైట్, ఫెనాజాక్విన్ వంటి నల్లి మందులు పొలానికి ఉద్దేశించినవి. పాప తిరిగే ఇంట్లోకి వాటిని తేవద్దు. ఏ డబ్బా కొన్నా దాని మీది త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికంటే విషపూరితం, తరువాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ.

జవాబు 2 | విజయవాడ మిద్దెతోట

పెద్దాయన చెప్పినదంతా సరైనదే. వేపనూనె కలిపే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను అక్కడే ఒక మొక్కను పోగొట్టుకున్నాను. నూనె నీటిలో దానంతట అది కలవదు. నేను సరిగా కలపకుండా సీసాలో పోసి కొట్టడంతో మొదట నీళ్లు, చివర్లో చిక్కటి నూనె వచ్చాయి. అది కూడా మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండ పడే కిటికీ దగ్గర. మూడో రోజుకు నా బోస్టన్ ఫెర్న్ ఆకులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోయాయి.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. లీటరు గోరువెచ్చని నీటిలో ముందుగా అర చెంచా ఘాటు లేని ద్రవ సబ్బు గాని, వడకట్టిన కుంకుడు రసం గాని కలుపుతాను. తరువాత 1500 పి.పి.ఎం. (డబ్బా మీద రాసి ఉండే గాఢత) వేపమందు 5 మిల్లీలీటర్లు పోసి నీళ్లు పాలలా తెల్లబడే దాకా గిలకొడతాను. పైన నూనె తెట్టులా తేలితే ఇంకా కలవలేదని అర్థం. కలిపిన మందును ఆ పూటే వాడాలి, మర్నాటికి దాచవద్దు. ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. సాయంత్రం పూటే కొట్టండి. గిన్నెలు తోమే ఘాటైన ద్రవాలు వాడవద్దు. అవి ఆకు మీది మైనపు పొరను తినేస్తాయి.

క్రోటన్ల కాండం మీద గోధుమరంగు బొడిపెలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి. గోటితో గీరితే ఊడివస్తే అవి పొలుసు పురుగులు. వాటినీ, పిండినల్లినీ సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటిగా అద్ది తీసేయడం మంచిది.

జవాబు 3 | న్యూజెర్సీ నుంచి

కుండీ చుట్టూ ఎగిరే ఈగల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. వాటికీ మీ నల్లికీ సంబంధం లేదు. నిజానికి రెండింటి కారణాలూ ఎదురెదురుగా ఉంటాయి. నల్లి పొడిగాలిలో పెరుగుతుంది. ఇక్కడ మాకు మంచు కాలంలో రాత్రింబవళ్లు హీటరు నడవడంతో ఇంట్లో గాలి ఎండిపోయి, మీకు ఏప్రిల్‌లో వచ్చిన బాధే జనవరిలో వస్తుంది. ఆ ఈగలు మాత్రం ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో పుడతాయి. పీస్ లిలీకి రోజూ నీళ్లు పోస్తున్నారా?

రెక్కలున్న ఈగ మొక్కను కొరకదు. మట్టి పై పొరలో ఉండే దాని పిల్లలు, నల్లటి తల, గాజులాంటి ఒళ్లు ఉన్నవి, కుళ్లిన ఆకులనూ బూజునూ తింటూ, ఎక్కువైతే లేత వేళ్లను కూడా తింటాయి. బంగాళదుంపను చక్రంలా కోసి మట్టి మీద పెట్టి, రెండు రోజుల తరువాత తిరగేస్తే అవి కనిపిస్తాయి. పై రెండంగుళాల మట్టి పూర్తిగా ఎండేదాకా నీళ్లు పోయకండి, పసుపు జిగురు అట్టను మట్టికి దగ్గరగా గుచ్చండి. అప్పటికీ తగ్గకపోతే దోమ పిల్లల నివారణకు వాడే బి.టి.ఐ. అనే బాక్టీరియా పొడిని నీటిలో కలిపి పోయవచ్చు. అది మట్టిలోని పిల్లలనే చంపుతుంది, ఎగిరేవాటిని కాదు. కాబట్టి మూడు వారాలు ఓపిక పట్టాలి.

ప్రశ్న అడిగినవారు | మూడు వారాల తరువాత

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కాగితం పరీక్షలో ఒక్క ఆకు నుంచే పదిహేడు నలుసులు నడిచాయి. మా పాప పక్కన కూర్చుని లెక్కపెట్టింది. బాగా పాడైన ఆరు మట్టలు కోసి, కవరులో మూట కట్టి బయట పడేశాను. నాలుగు రోజులకు ఒకసారి చొప్పున కడగడం, వేపమందు కొట్టడం ఐదు విడతలు పూర్తయింది. నిన్నటి కాగితం మీద ఒకే ఒక్కటి నడిచింది. పాత ఆకుల మీది చుక్కలు అలాగే ఉన్నాయి, అవి ఎప్పటికైనా పోతాయా? పీస్ లిలీకి నేను నిజంగానే రోజూ నీళ్లు పోస్తున్నాను. ఇప్పుడు వేలు గుచ్చి చూసి పోస్తున్నాను, ఈగలు సగానికి సగం తగ్గాయి.

జవాబు 1 | గుంటూరు

పోవమ్మా. రసం పీల్చేసిన చోట పత్రహరితం తిరిగి రాదు. కొత్తగా విచ్చుకునే మట్టను చూడండి, అది మచ్చ లేకుండా వస్తే మీ వైద్యం ఫలించినట్లే. ఆ ఒక్కటి నడిచింది కాబట్టి ఇంకో రెండు విడతలు కొట్టండి, క్రోటన్లను అప్పటిదాకా అరెకాకు దూరంగానే ఉంచండి.